సెంబుల లెక్క

రంగు కొత్తగా ఉంటే నాకు బయం.
కలింగపట్నం ఇసక మీద
ఓరగా పడుకోబెట్టి
నీలం మీద మల్లీ నీలం పూసి ఉంచాడు
ఎల్లాజీ తన ఫైబరు బోటుని.
"అంతా కొత్తే వదినా. మోటారు ఊడదీసి బిగించినాం.
లచ్చా ఎనబై. సూసుకో."

సూసుకోడానికే కదా ఒచ్చాను.
మరిది తవిటయ్య తిన్నగా మోటారు కాడికి పోయాడు.
మొగోల్లు ముందు మోటారే సూస్తారు.
నాను రొంటిలోంచి రెండ్రూపాయల బిల్ల తీసి
ముక్కు కాడ్నించి కొట్టుకుంటూ ఒచ్చాను.
టంగ్. టంగ్. టంగ్.
కొబ్బరికాయ కొనేటప్పుడు ఇనుకోమా, అలాగే.
ఎడం పక్క, తెడ్డు కట్టే కాడ,
దబ్బు.
మల్లీ కొట్టాను. దబ్బు.
లోపల పొరలు ఒకదాన్నొకటి ఒదిలేసి
పైకి కలిసున్నట్టు నిలబడ్డాయి.
అలాటి కాపరాలు నాకు తెలుసు.
ఎల్లాజీ సముద్రం కేసి సూసాడు,
గాలి ఎటు తిరిగిందో అన్నట్టు.

అప్పుడు మోటారు మీద సెయ్యేసాను.
ఎచ్చగా ఉంది.
"పొద్దున్నించీ ముట్టలేదన్నావు?"
"ఎండ, వదినా."
ఎండ ఒక పక్కే కదా కాసేది,
నీడ పక్కా ఎచ్చగానే ఉంది.
సల్లారిన మోటారు ఎన్ని గుంజులకి లెగుస్తాదో
అదీ దాని అసలు వయసు.
"సల్లారనీ," అన్నాను, "కూకుంటాను."
కూకున్నాను. తెచ్చుకున్న గంజి తాగాను.
గంపలో ఉల్లిపాయొకటి మిగిలితే అదీ నమిలాను.
ఏడో గుంజుకి లెగిసింది.
తవిటయ్య గేరు నూనె మర ఇప్పి ఏలు ముంచి సూపించాడు.
పాలు పోసిన టీ రంగు.
నీల్లు తాగిన నూనె.
ముగ్గురం సూసాం. ఎవరం మాటాడలేదు.

ఎనక బల్ల మీద ఏలు రాసుకుంటూ పోతే
రంగు కింద అచ్చరాలు తగిలాయి.
నాకు సదువు రాదు గానీ
ఎత్తేదో పల్లమేదో ఏలికి తెలుస్తాది.
"ఇదెవరి పేరు?"
"మా నాన్న రాయించిందిలే. కప్పీమన్నాను మేస్త్రిని.
కొన్నోల్లు ఆల్ల పేరు రాసుకుంటారు కదా."
వేరావల్ పోతాడంట, ఎవరి బోటు మీదో కూలికి.
అడ్వాన్సు ముందే తినీసినాడంట.
ఇంటిలో ఎవరికి బాగోలేదో సెప్పబోయాడు.
నాను ఇనలేదు.
నా సంచిలో ఉన్నవి ముగ్గురు ఆడోల్ల డబ్బులు,
గంప నెత్తినెట్టుకుని గార దాకా నడిచిన డబ్బులు.
జాలికి అందులో వాటా లేదు.

"ఈ రాత్రికి బోటు వంశదార మొగలో కట్టీ," అన్నాను.
"తెల్లారి తోడదాం.
ఎన్ని సెంబుల నీల్లొస్తే అన్ని రెండేలు తగ్గించు."
నవ్వాడు. సరే అన్నాడు.

నాకు నిద్దర పట్టలేదు.
ఎల్లాజీని నమ్మొచ్చు. అప్పున్న ఎల్లాజీని ఎలాగ నమ్మీది?
కోడి కుయ్యకముందే ఎల్లాను, కాలి పట్టాలు ఇప్పి
సప్పుడు లేకుండా.
లైట్ హౌసు దీపం తిరిగినప్పుడల్లా
ఒకసారి నీల్లు, ఒకసారి బోటు,
ఒకసారి ఆడు.
ఉన్నాడు. సేతిలో సెంబుంది.
అనుకున్నంతా అయ్యింది, అనుకున్నాను.
దీపం మల్లీ తిరిగొచ్చింది.
తోడట్లేదు.
ఎనక కూకుని, మోటారు పిడి పట్టుకుని,
ఆగున్న మోటారుతోనే
మొగ దాటిస్తన్నట్టు
పిసరంత అటు, పిసరంత ఇటు తిప్పుతున్నాడు.

నన్ను సూసినాడో లేదో తెలీదు.
నాను గట్టు మీదే కూకుండిపోయాను.

తెల్లారినాక ఒంగి తోడాం.
తవిటయ్య లెక్కెట్టాడు: పదకొండు.
నాను ఇరవై అనుకున్నాను.
"పదమూడు రాయి," అన్నాడు ఎల్లాజీ
సెంబు బోర్లించి బల్ల మీద పెడతా.
"రెండు రాత్రే తోడీసినాను.
తరవాత సెయ్యి ఆడలేదు."

పదమూడే రాయించాను.
కొంగున బయానా ముడి
మంచుకి తడిసి బిగుసుకుపోయింది.
పంటితో ఇప్పాను.